ఆచార్య జి. యన్. రామచంద్రన్

ధర్మవరపు మగ్గములపై నేయు పట్టుచీరయు, హిందూపురపు అంగడికి వచ్చు పట్టుగూడును మాంసకృత్తులే. మన చర్మమునకు, ఎముకలకు పటుత్వమిచ్చునదియు మాంసకృత్తే. ఎమినో ఆమ్లములను పూసలవలె గ్రుచ్చిన దండ యిది. ఆ దండ తగిన రీతిని మడతపడిననే దానికి బలము చేకూరును. ఆ మడతలకు గల హద్దులను లోకమునకు తెలిపినవారు ఆచార్య రామచంద్రన్. పెనుకొండ, హిందూపురముల మీదుగా పోవు రైలు చేరు బెంగుళూరే వారి విద్యాభూమి.

వారు 1922 అక్టోబరు 8వ తేదీన ఎర్నాకుళమున జన్మించిరి. తండ్రి గణితాచార్యులు. 1942లో విద్యుత్ యంత్రశాస్త్రము చదువుటకై బెంగుళూరు విజ్ఞానసంస్థలో చేరగా, సర్ సి. వి. రామన్ వారి ప్రతిభను గుర్తించి భౌతికశాస్త్రమునకు మరల్చిరి. పిమ్మట వారు కేంబ్రిడ్జిలో పరిశోధించి డాక్టరు పట్టమంది, 1949లో స్వదేశము చేరిరి. 1952లో, ముప్పదియేండ్లయినను నిండకమునుపే, మదరాసు విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రాచార్యులైరి.

చర్మమునందును ఎముకలందును ఉండు కొల్లాజెన్ అను మాంసకృత్తు రూపము అప్పటికి ఎవరికిని అంతుపట్టలేదు. 1954లో గోపీనాథ్ కర్తాతో కలిసి, అది మూడు పేటల కూర్పని వారు ప్రకటించిరి. ఆ పేటలు త్రాటివలె పెనవేసికొని యుండునని మరుసటి యేట దానిని దిద్దిరి.

అంతలో కేంబ్రిడ్జి నుండి రిచ్, క్రిక్ అను శాస్త్రజ్ఞులు ఆక్షేపించిరి. ఆ నమూనాలో కొన్ని పరమాణువులు ఉండరానంత దగ్గరగా ఉన్నవని వారి వాదము. అందులో కొంత నిజము లేకపోలేదు. పేటల నడుమ బంధముల లెక్కలో తుదకు వారి మాటయే నిలిచినది. మూడు పేటల మూలభావము మాత్రము రామచంద్రన్‌దే.

రామచంద్రన్ కలహమునకు దిగలేదు. అసలు పరమాణువులు ఎంత దగ్గరకు రాగలవను ప్రశ్ననే చేపట్టిరి. అదివరకు కొలిచిన స్ఫటికములనుండి దూరములన్నియు సేకరించిరి. దండలోని ప్రతి పూసయొద్దను రెండు మలుపులు కలవు. ఏ మలుపులందు పరమాణువులు ఒరసికొనవో రామకృష్ణన్, శశిశేఖరన్‌లతో కూడి గణించి, 1963లో పటముగా వెలువరించిరి. పటమున అధికభాగము నిషిద్ధమే. అనుమతింపబడిన తావులు కొన్నియే. పట్టుదారపు చాపిన మడత ఆ తావులలో ఒకదానియందే యిముడును. ఏ మాంసకృత్తు రూపము కనుగొన్నను, దాని సరితప్పులు చూచుటకు నేటికిని శాస్త్రజ్ఞులు ఈ 'రామచంద్రన్ పటము'నే ఆశ్రయింతురు.

1971లో బెంగుళూరు సంస్థలో అణుజీవభౌతిక విభాగమును నెలకొల్పిరి. 1977లో లండను రాయల్ సొసైటీ సభ్యత్వము లభించినది. నోబెల్ బహుమానము దక్కలేదు. అవసానదశలో వ్యాధిపీడితులై 2001 ఏప్రిల్ 7వ తేదీన చెన్నైలో కీర్తిశేషులైరి.

తప్పు చూపినవానిపై కినుక వహింపక, ఆ తప్పునే సోపానముగా చేసికొనుట వారి జీవితము నేర్పు పాఠము. మన గ్రంథాలయమున పుస్తకము విప్పు ప్రతి బాలుడును, ప్రతి బాలికయు దీనిని మనసున నిలుపుకొందురు గాక!