కొండల చరిత్ర చదివిన రాబర్ట్ బ్రూస్ ఫుట్

విశాఖపట్టణపు ఉక్కు కర్మాగారములోని కొలుములకు ఇనుపరాయి మన కొండలనుండి వచ్చుట లేదు. అందు అధికభాగము బైలడిల్లా కొండలలో త్రవ్వబడి, కొత్తవలస మీదుగా రైలుబండ్లపై దిగుచున్నది. మన చుట్టును ఇన్ని కొండలుండగా అంత దూరము పోవలసిన అగత్యమేమి? దీనికి సమాధానము శిలల పుట్టుకలో నున్నది. దక్షిణ భారతమున ఆ పుట్టుకను తెలిసికొనుటకు దారి చూపిన పెద్దలలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ గారు ముఖ్యులు.

ఆయన 1834 సెప్టెంబరు 22వ తేదీన ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్ పట్టణమున జన్మించిరి. 1858లో భారత భూగర్భ పరిశీలన శాఖలో చేరి మదరాసు రాష్ట్రమునకు వచ్చిరి. సుత్తి చేతబట్టి, గుడారములలో బస చేయుచు, ముప్పది సంవత్సరములకు పైగా దక్షిణాపథమును కాలినడకన శోధించిరి. 1863 మే 30వ తేదీన మదరాసు చెంత పల్లావరములో ఆయనకు మానవుడు చెక్కిన రాతి పనిముట్టొకటి దొరకెను. మన దేశమున పాతరాతి యుగపు మనుష్యుడు సంచరించెననుటకు పండితలోకము గుర్తించిన తొలి సాక్ష్య మదియే. 1884 ప్రాంతమున కర్నూలు సీమలోని బేతంచెర్ల సమీపమున బిల్లసర్గము గుహలను ఆయనయు, సైన్యోద్యోగియైన ఆయన కుమారుడును త్రవ్వించి, ప్రాచీన జంతువుల యెముకలను వెలికి దీసిరి.

అయినను భూగర్భశాస్త్రమున ఆయన పేరు నిలిపినది ధార్వాడ శిలల పరిశోధన. బళ్లారి, అనంతపురము, ధార్వాడ సీమలలో సామాన్యమైన బూడిదవన్నె రాతినేల నడుమ పచ్చని, నల్లని శిలలు పొడవైన పట్టీలుగా సాగియుండుట ఆయన గమనించిరి. అవి పాతరాతినేలపై పేరుకొని, పిదప మడతలుపడిన ప్రత్యేక వర్గమని నిర్ణయించి, 1886 మొదలు ప్రకటించిన వ్యాసములలో వానికి ధార్వాడ పేరే పెట్టిరి. దక్షిణదేశపు బంగారము ముఖ్యముగా ఈ శిలలయందే యున్నదనియు చాటిరి. మన అనంతపురము సీమలోని రామగిరి బంగారు పట్టీయు ఈ కోవలోనిదే.

ఈ పట్టీలు మూడువందల కోట్ల సంవత్సరముల నాటివరకు పోవు గ్రంథములు. అందలి పచ్చరాయి ఒకప్పటి లావా. అది దిండ్లు పేర్చినట్లుండిన చోట నీటి అడుగున పొంగినదని తెలియును. గుండ్రని గులకలు ఇమిడిన పొర యేటి ఒడ్డునో, తీరమునో పేరుకొనినది. ఎఱ్ఱని, తెల్లని చారలు గల ఇనుపరాయి సముద్రజలమునందు కరగియున్న ఇనుము అడుగునకు దిగి యేర్పడినది.

ఫుట్ గారి అభిప్రాయమునకు చిక్కులు రాకపోలేదు. 1916లో మైసూరు భూగర్భ శాఖాధిపతి స్మీత్ గారు ఆ శిలలన్నియు అగ్నిజన్యములే యనియు, క్రింది రాతినేలయే వానికంటె చిన్నదనియు వాదించిరి. ఫుట్ గారప్పటికి జీవించి లేరు. ఆయన పక్షమున నిలిచినవి రాళ్లే. 1940లో అదే శాఖకు చెందిన బి. రామారావు గారు, వానిలో నీటిచే పేరుకొనిన పొరలు నిజముగా కలవని మరల స్థాపించిరి. పట్టీలకంటె పూర్వపు రాతినేల కొన్నియెడల కలదనియు, వానిలోనికి చొచ్చుకొనివచ్చిన తరువాతి గ్రానైటు మరికొన్నియెడల కలదనియు నేటి శాస్త్రము తేల్చినది.

ఇక మన ప్రశ్న. కైలాసగిరి మొదలగు మన కొండలు ఖోండలైట్ అను రాతివి. అదియు ఒకప్పటి సముద్రపు బురదయే. కాని భూగర్భమున మిక్కిలి వేడికి, ఒత్తిడికి లోనై రూపు మారినది. గరివిడి ప్రాంతమున మాంగనీసు దొరకును గాని బైలడిల్లా వంటి ఇనుపగుట్టలు ఇచట లేవు. బైలడిల్లా ఇనుపరాయి ధార్వాడ ఇనుపరాతికి సోదరము వంటిది. అందుచేతనే రైలుబండి అంత దూరము పోవలసివచ్చినది.

ఫుట్ గారు 1891లో కొలువు విరమించిరి. పిదప బరోడా, మైసూరు సంస్థానములకు సేవచేసిరి. తాము కూర్చిన ప్రాచీన వస్తువులను 1904లో మదరాసు ప్రభుత్వ మ్యూజియమునకు 40,000 రూపాయలకు ఇచ్చిరి. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో పరమపదించిరి. ఆయన చితాభస్మము ఏర్కాడులోని చర్చి ఆవరణమున నిక్షిప్తమైనది.

పేరులేని రాతిని సయితము పుస్తకమువలె చదివిన మహనీయుడాయన. గ్రంథాలయమునకు వచ్చు మన యువకులు బీరువాలోని పుస్తకముతోపాటు ఊరి వెనుక కొండనుగూడ ఒకపరి విప్పి చూతురుగాక.