ఆటలో అందరికీ చోటు: డాక్టర్ లుడ్విగ్ గట్‌మన్



గేమ్స్ పీరియడ్‌లో వీల్‌చైర్‌లో ఉన్న పిల్లవాడికి నీడన చోటిచ్చి స్కోరు రాయమంటే, అదే దయ అనుకుంటాం. గట్‌మన్ అలా అనుకోలేదు.

1899లో జర్మనీలో పుట్టిన ఈ యూదు వైద్యుడు నాజీల నుంచి తప్పించుకుని 1939లో ఇంగ్లండ్ చేరారు. 1944లో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో వెన్నెముక దెబ్బతిన్నవారి వార్డు ఆయన చేతికొచ్చింది. అలాంటివారు ఎక్కువ కాలం బతకరని అప్పట్లో వైద్యులే ఆశ వదులుకునేవారు. గట్‌మన్ ముందు వాళ్లకు పుండ్లు పడకుండా చూశారు. తర్వాత చేతికి బంతి, విల్లు ఇచ్చారు. ఆయన దృష్టిలో ఆట కూడా చికిత్సే.

1948 జూలై 29న, లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజే, ఆ ఆసుపత్రి ఆవరణలో 16 మంది వీల్‌చైర్లలో కూర్చుని విలువిద్యలో పోటీపడ్డారు. 1960లో రోమ్‌కు 23 దేశాల నుంచి సుమారు 400 మంది వచ్చారు. అవే తొలి పారాలింపిక్స్. 1980లో గట్‌మన్ కన్నుమూశారు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో మన వరంగల్ జిల్లా అమ్మాయి దీప్తి జీవాంజి 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది.

ఈ రాత్రి భోజనాల దగ్గర మీ పిల్లలను ఒక్క మాట అడగండి: గేమ్స్ పీరియడ్‌లో మీ క్లాసులో ఎవరు పక్కన కూర్చుంటున్నారు? ఆ సంగతి మర్నాడే పీఈటీ సారుకు చెప్పండి.