జలచికిత్స చేసిన మతగురువు: సెబాస్టియన్ క్నైప్

జలచికిత్సను గూర్చిన గ్రంథములలో సెబాస్టియన్ క్నైప్ పేరు నేటికిని తఱచుగా కనబడుచుండును. కాని ఆయన వైద్యుడు కావలెనని ఎన్నడును కోరినవాడు కాడు. వైద్యవిద్య నభ్యసించినవాడును కాడు. బాల్యమునుండి ఆయన మనస్సున నిలిచిన కోరిక యొక్కటియే: క్రైస్తవ మతగురువై దైవసేవలో జీవితమును గడపుట. ఆరోగ్యగ్రంథకర్త యగుట దారిలో తటస్థించిన పని. ఆ పనియే నానాటికి పెరిగి ఆయన జీవితము నంతటిని చుట్టుకొన్నది.

దక్షిణ జర్మనీలోని బవేరియాలో, ఓటోబాయిరెన్ పట్టణమునకు సమీపమున నున్న ష్టెఫాన్స్‌రీడ్ అను కుగ్రామమున 1821వ సంవత్సరము మే 17వ తేదీన క్నైప్ జన్మించెను. తండ్రి నేతపనితో జీవించు నిరుపేద. మగ్గము నేలమాళిగలో నుండెను. తేమ లేనిచో నారనూలు తెగిపోవును గనుక నేతగాండ్రు అట్టి చోటులనే కోరుకొనుచుండిరి. ఆటపాటల ప్రాయముననే సెబాస్టియన్ ఆ చీకటిగదిలో మగ్గము ముందు కూర్చుండవలసి వచ్చెను. గురువు కావలెనన్నచో లాటిన్ భాష రావలెను. లాటిన్ నేర్వవలెనన్నచో ధనము కావలెను. పైసకు పైస చేర్చి అతడు 70 గుల్డెనులు కూడబెట్టెను. ఇరువదియేండ్లు నిండిన దినములలో ఇంటికి నిప్పంటుకొని, ఇల్లును, దానితోపాటు ఆ సొమ్మును బూడిదయ్యెను.

అతడు ఊరు విడిచి గ్రోనెన్‌బాఖ్‌లో పొలముపనికి కుదిరెను. అచ్చట మత్తియాస్ మెర్క్లె అను యువ మతగురువు అతని తపన గమనించి, ఏ ప్రతిఫలమును కోరక లాటిన్ నేర్ప మొదలిడెను. 1844లో మెర్క్లె డిల్లింగెన్ పట్టణమున అధ్యాపకుడు కాగా శిష్యుడును వెంట వెళ్లి పాఠశాలలో చేరెను. తనకంటె పదేండ్లు చిన్నవారైన బాలుర నడుమ, ఇరువది మూడేండ్ల యువకుడు బల్లపై కూర్చుండి వ్యాకరణము వల్లించుట ఎంత కష్టమో ఊహింపవచ్చును. అతడు సిగ్గుపడలేదు. కాని శరీరము సహకరింపలేదు. దగ్గు పట్టుకొనెను, రక్తము పడజొచ్చెను, బలము క్షీణించెను. చూచిన వైద్యుడు ఆశ వదలుకొనెను. ఇన్నేండ్ల నిరీక్షణానంతరము తెరచుకొన్న ద్వారము కన్నులయెదుటనే మూసికొనిపోవు చుండెను.

ఇట్టి స్థితిలో గ్రంథాలయమున అతనికొక పాత పుస్తకము చేతికి దొరకెను. అది పదునెనిమిదవ శతాబ్దమున సిలీషియా ప్రాంతపు వైద్యుడు జోహాన్ జీగ్‌మండ్ హాన్ చన్నీటి శక్తిని గూర్చి రచించినది. పోగొట్టుకొనుటకు ఏమియు మిగులని యువకుడు దానిని నమ్మెను. 1849 శీతకాలమున వారమునకు రెండు మూడు మారులు డాన్యూబు నదికి వేగముగా నడచిపోయి, దేహము వేడెక్కియుండగానే ఆ మంచునీట కొన్ని క్షణములు మాత్రము మునిగి, తుడుచుకొనకయే దుస్తులు ధరించి, మరల వేగముగా గదికి వచ్చుచుండెను. క్రమక్రమముగా బలము చేకూరెను, చదువు సాగెను.

ఇచ్చట ఒక్కమాట చెప్పవలసియున్నది. క్షయవ్యాధికి కారణమైన సూక్ష్మక్రిమిని రాబర్ట్ కోహ్ వెల్లడించినది 1882లో, అనగా ఈ స్నానములు జరిగిన ముప్పదిమూడేండ్లకు. చన్నీరు ఆ క్రిమిని చంపజాలదు. క్షయకు నమ్మదగిన మందులున్న ఈ కాలమున వాటిని విడిచి నీటినే ఆశ్రయించుట ప్రాణమునకే ముప్పు. క్నైప్ తన అనుభవమునుండి గ్రహించినదంతయు సరియైనదని అంగీకరింపనక్కరలేదు. అయినను ఆ అనుభవమే ఆయనను తీర్చిదిద్దినది. తనకు దక్కిన ప్రాణము తనది కాదను భావము అప్పటినుండి ఆయనలో నాటుకొన్నట్లు తరువాతి జీవితము చెప్పుచున్నది.

మ్యూనిక్‌లో వేదాంతవిద్య నభ్యసించు కాలమున, రోగపీడితులైన సహవిద్యార్థులకు ఆయన రహస్యముగా జలచికిత్స చేసెను. తోటకు నీరుపోయు డబ్బాయే సాధనము. 1852 ఆగస్టులో ఔగ్స్‌బుర్గ్ నగరమున గురుదీక్ష లభించెను. కోరిక నెరవేరినది, చిక్కులును అప్పుడే ఆరంభమైనవి. ఆయన సహాయగురువుగా పనిచేసిన పల్లెలలో కలరా వ్యాపించినప్పుడు పడకలచెంతకు వెళ్లి వేడినీటి తడిబట్టలతో పరిచర్య చేసెను. అధికారము లేక వైద్యము చేయుచున్నాడని మందుల వర్తకులు ఫిర్యాదు చేసిరి; జరిమానాయు పడెను. ప్రార్థనలు జరుపుటయే గురువు పని గాని నీళ్లు పోయుట కాదని తలచిన పెద్దలును ఉండిరి. వారి మాటలో న్యాయము లేకపోలేదు. కాని గుమ్మముముందు నిలిచిన రోగిని పొమ్మనుట ఆయనకు చేతకాలేదు.

1855లో ఆయనను వోరిస్‌హోఫెన్ అను పల్లెలోని డొమినికన్ సన్న్యాసినుల మఠమునకు పాపనివేదన వినెడి గురువుగా పంపిరి. ఊరు చిన్నది. వచ్చినవాడు మిగిలిన నలువదిరెండేండ్లును అచ్చటనే గడపెను. మఠపు పొలములను, పశువులను బాగుచేయించెను. తేనెటీగల పెంపకమునందు మిక్కిలి అభిరుచి గలవాడై దానిని గూర్చి చిన్న పుస్తకమును రచించెను. గ్రంథరచన ఆయనకు తేనెటీగలతోను, సేద్యముతోను మొదలైనదనుట గమనింపదగినది. నేతగాని కుమారుడు, పొలముకూలీ, రైతుల గురువు: ఆయన రచనాభాషకు పుట్టిల్లు ఇదియే.

చుట్టుపట్ల రోగులు మాత్రము ఆయనను విడువలేదు. 1881లో ఆ ఊరి దేవాలయమునకే ప్రధానగురువైన తరువాత రాక మరింత హెచ్చెను. ప్రతివానికి ఒకేమాట మరలమరల చెప్పుటకంటె వ్రాసియిచ్చినచో, జనులు తమ ఇండ్లలోనే ఆ పద్ధతుల నవలంబింతురని, తనకు గురుధర్మమునకు తీరిక చిక్కునని ఆయన తలచెను. అట్లు 1886లో వెలువడినదే ‘నా జలచికిత్స’ అను అర్థమిచ్చు పేరుగల గ్రంథము. మొదటి భాగమున నీటిని ప్రయోగించు విధములు, రెండవ భాగమున మూలికలు, మూడవ భాగమున వ్యాధులు. పండితుల పరిభాష లేదు. గృహిణి వంటింటిలో నిలిచి చదివినను తెలియును. ఫలితము ఆయన తలచినదానికి విరుద్ధమైనది. ఇంట కూర్చుండి చదువవలసినవారు గ్రంథము చేతబట్టుకొని వోరిస్‌హోఫెన్‌కే వచ్చిరి. అది అనేకభాషలలోనికి అనువదింపబడెను. ఊరిలో బస దొరకుట కష్టమయ్యెను.

ఆంధ్రపాఠకులకు ఈ విషయమున క్నైప్ కంటె లీప్‌జిగ్ వాసియైన లూయీ కూనే పేరు ఎక్కువ పరిచితము. కూనే గ్రంథమును ద్రోణంరాజు వేంకటచలపతిశర్మ 1894లోనే తెలుగున అనువదించెను. మనదేశమున ప్రకృతిచికిత్సకు అది తొలిమెట్టని చెప్పుదురు. ఇరువురును ఒకే కాలమువారు, ఒకే భాషవారు, మార్గములు వేరు. కూనే సర్వవ్యాధులకును కారణ మొక్కటియే యను సిద్ధాంతమును పట్టుకొనెను. క్నైప్‌కు సిద్ధాంతములకంటె ఎదుటి మనిషి ముఖ్యము.

ఈ గుణమే ఆయన పద్ధతిని మార్చుచు వచ్చినది. మొదట తనవలె ఇతరులును కఠినస్నానములకు ఓర్చుకొందురని భావించెను. అనుభవము పెరిగినకొలది తీవ్రత తగ్గించెను. దేహమంతయు ముంచుటకు మారుగా మోకాళ్లమీదనో, భుజములమీదనో కొద్దిసేపు ధారపోయుట. చన్నీట అడుగులు వేయుట. ఉదయమున మంచుతో తడిసిన పచ్చికపై వట్టికాళ్లతో నడచుట: ఇవి ఆయన చికిత్సలో ప్రధానమైనవి. 1889లో జీవనవిధానమును గూర్చి మఱియొక గ్రంథము వెలువడెను. అందు సాదా ఆహారము, ముతకనార దుస్తులు, గాలి, వెలుతురు, శరీరశ్రమ మొదలగు వానిని గూర్చి వ్రాసెను. కాఫీ ఆయనకు గిట్టదు. వేచిన యవలమొలకలతో చేసిన పానీయమును ప్రోత్సహించెను. ఆయన చిత్రముతోనే ఆ పొడి అంగళ్లలో అమ్ముడుపోయెను. మనస్సున క్రమము లేనివానికి ఎంత నీరు పోసినను ఫలము సగమేనని ఆయన విశ్వాసము. దినమంతయు రోగుల మాట విని, సాయంకాలము పాపనివేదనలు వినువానికి రెండును ఒకే దుఃఖమునకు రెండు ముఖములుగా తోచుటలో వింతలేదు.

ఆయన తనకొఱకు రుసుము పుచ్చుకొనలేదు. గ్రంథములవలన వచ్చిన ధనము ఆరోగ్యశాలలకు వెచ్చింపబడెను. 1891లో ఒకటి, 1893లో రోగపీడితులైన బాలలకొఱకు మఱియొకటి, 1896లో మూడవది వెలసినవి. అర్హులైన వైద్యులు ప్రక్కన కూర్చుండి రోగిని పరీక్షించుట ఆయన కోరుకొనెను. వారిలో ఆల్‌ఫ్రెడ్ బౌమ్‌గార్టెన్ పేరెన్నికగన్నవాడు. ఆస్ట్రియా రాజవంశీయుడు జోసెఫ్ వచ్చెను. 1893లో పోపు ఆయనకు గౌరవబిరుద మొసగెను. మఱుసటి సంవత్సరము రోమునగరమున పోపు పదమూడవ లియోకు ఆయన సలహాలిచ్చెను. ఇంత జరిగినను ఊరివారికి ఆయన పిల్లలకు జ్ఞానస్నానము చేయించి, మృతులను సాగనంపు పల్లెగురువే.

1897లో ఆయన ఉదరమున కణితి బయలుదేరెను. శస్త్రచికిత్స చేయింతుమని వైద్యులు చెప్పగా ఆయన ఒప్పుకొనలేదు. ఆ నిరాకరణమును మొండితన మనినవారు గలరు, నిశ్చింత యనినవారును గలరు. వేలమందికి తాను నిర్దేశించిన నీరు ఈ వ్యాధిని మాన్పలేదు. ఆ యేడు జూన్ 17వ తేదీన, డెబ్బదియారవ యేట, వోరిస్‌హోఫెన్‌లోనే ఆయన కన్నుమూసెను.

ఊరి శ్మశానవాటికలోని చిన్న ప్రార్థనామందిరమున ఆయన సమాధి యున్నది. 1920లో ఆ ఊరిపేరునకు ముందు, స్నానచికిత్సాస్థలమని సూచించు ‘బాడ్’ అను పదము చేర్చబడెను.