సాగర్ కట్టిన విద్యార్థి

మిర్యాలగూడ, కోదాడ వైపు నుండి మన బడికొచ్చిన వాళ్లమంతా సాగర్ ఎడమ కాలువ కింద పండిన అన్నం తిని పెరిగాం. (సూర్యాపేట మిత్రులు మాకు మూసీ ఉందంటారు, సరే.) ఆ డ్యామ్ రూపకల్పనలో ముఖ్యులైన డాక్టర్ కానూరి లక్ష్మణరావు గారి గురించి బడిలో పరీక్షకు సరిపడా చదివాను. మళ్లీ చదివింది యాభై దాటాక, సిగ్గుపడి. ఆఫీసులో కొత్త డిజైన్ సాఫ్ట్‌వేర్ తరగతికి వెళ్లమన్నారు. నేర్పేది మా అమ్మాయి ఈడు పిల్ల. ముప్పై ఏళ్ల సర్వీసు సాకు చెప్పి తప్పించుకున్నాను. ఆర్నెల్లు తిరక్కుండానే నా కింద తయారైన డిజైన్లను నేనే సరిచూడలేని స్థితి వచ్చింది.

కె.ఎల్. రావు గారు 1902లో కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టారు. చదువుకునే రోజుల్లో ఆటలో దెబ్బ తగిలి ఒక కంటి చూపు పోయింది. గిండీలో ఇంజనీరింగ్ చదివి, రంగూన్‌లో పాఠాలు చెప్పారు. అక్కడితో ఆగినా గౌరవంగానే బతికేవారు. అలాంటి మనిషి మళ్లీ విద్యార్థిగా మారి, 1939లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుండి పిహెచ్.డి. తెచ్చుకున్నారు. అప్పటికి ముప్పై ఏడేళ్లు.

1950లో కేంద్ర జల, విద్యుత్ కమిషన్‌లో డిజైన్ల డైరెక్టరయ్యారు. నాకు బాగా నచ్చేది ఇక్కడే. ఆయన రీఇన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటు మీద పుస్తకం రాసిన మనిషి. 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగిన సాగర్ మాత్రం రాతి కట్టడం. అప్పట్లో సిమెంటుకు కొరత, విదేశీ యంత్రాలు కొనడానికి డబ్బు లేదు. ఉన్నవి రాయి, వేలాది కూలీల చేతులు. 124 మీటర్ల ఎత్తు వాటితోనే లేచింది. తనకు బాగా వచ్చిన విద్యను పక్కనపెట్టడం ఎంత కష్టమో మన వృత్తిలో వాళ్లకు చెప్పనక్కర్లేదు.

అరవయ్యో ఏట విజయవాడ ఎంపీ అయ్యారు, మరుసటి ఏడు కేంద్ర నీటిపారుదల, విద్యుత్ మంత్రి. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలేనాటికి ఆ పదవిలోనే ఉన్నారు. అన్నీ నెగ్గలేదు. 1972 నాటి 2,640 కిలోమీటర్ల గంగా-కావేరి కాలువ ఆలోచన, ఖర్చూ కరెంటూ మోయలేమని మూలపడింది. పదవి దిగాక కూర్చుని, 1975లో దేశపు నీటి వనరుల మీద పుస్తకం ప్రచురించారు.

1986లో కన్నుమూశారు. మట్టపల్లి దగ్గర కనిపించే పులిచింతల జలాశయానికి ఆయన పేరే పెట్టారు.

నేను ఆ తరగతిలో చేరాను. టీచరమ్మ గట్టిదే, హోంవర్కు చూడనిదే వదలదు.