సాకరిన్‌పై డాక్టర్ వైలీ పోరు

మాది న్యాల్‌కల్ దగ్గర చెరకు పండించే ఇల్లు. అదే ఇంట్లో మా తాత షుగర్ జబ్బు వల్ల చాయ్‌లో సాకరిన్ బిళ్ళ వేసుకుంటాడు. అది మందా, విషమా అని రోజూ పంచాయితీ. ఇదే పంచాయితీ ఒకప్పుడు అమెరికా అధ్యక్షుడి ముందే జరిగిందని కెమిస్ట్రీలో చేరాక తెలిసింది. అక్కడ గొంతెత్తినవాడు డాక్టర్ హార్వే వైలీ.

ఆయనా రైతు బిడ్డే. 1844లో ఇండియానా రాష్ట్రంలో, దుంగలతో కట్టిన ఇంట్లో పుట్టాడు. వైద్యం చదివి, పర్డ్యూ యూనివర్సిటీలో కెమిస్ట్రీ చెప్పి, 1883లో అమెరికా వ్యవసాయ శాఖకు చీఫ్ కెమిస్టు అయ్యాడు. తీపి జొన్న నుంచి చక్కెర తీయాలని ఏండ్ల తరబడి తంటాలు పడ్డాడు. 1902లో 12 మంది యువకులకు బోరాక్స్ వంటి నిల్వ మందులు కలిపిన తిండి పెట్టి, వారి ఆరోగ్యం ఏమవుతున్నదో లెక్కలు రాశాడు. పత్రికలు ఆ గుంపును విషదళం అన్నాయి. తిండిలో కల్తీని అరికట్టే చట్టం 1906 జూన్ 30న వచ్చిందంటే అందులో ఆయన శ్రమే ఎక్కువ.

ఇక సాకరిన్ సంగతి. 1879లో ఐరా రెమ్సెన్ ల్యాబులో పనిచేసే ఫాల్‌బర్గ్, చేతులు సరిగ్గా కడుక్కోకుండా భోజనానికి కూర్చుంటే రొట్టె తియ్యగా తగిలిందట. (మన ల్యాబులో అయితే తిట్లే!) బొగ్గు తారు నుంచి తీసిన ఈ పదార్థం చక్కెర కన్నా సుమారు 300 రెట్లు తీపి. డబ్బాల్లో మొక్కజొన్న అమ్మేవాళ్ళు చక్కెర ఖర్చు మిగులుతుందని దీన్నే కలిపారు. రూజ్‌వెల్ట్ ముందు ఆ మాట రాగానే వైలీ ఆగలేదు. కొన్నవాళ్ళు చక్కెర అనుకుని మోసపోతున్నారనీ, ఇది ఒంటికి హానికరమనీ అనేశాడు. అధ్యక్షుడు మండిపడ్డాడు. ఆయన డాక్టరే ఆయనకు రోజూ సాకరిన్ ఇస్తున్నాడు మరి!

1908లో రెమ్సెన్ అధ్యక్షుడిగా నిపుణుల బోర్డు వేశారు. రోజుకు 0.3 గ్రాముల లోపు హాని లేదని బోర్డు తేల్చింది. అయినా చక్కెర బదులు వాడితే తిండికి సత్తువ తగ్గుతుందని 1912లో మామూలు ఆహారాల్లో దాన్ని ఆపారు. ఆ ఏడే వైలీ ఉద్యోగం వదిలేశాడు. 1930 జూన్ 30న, తన చట్టం పుట్టిన తేదీనే, కన్నుమూశాడు.

నా లెక్కలో ఆయన మోసం గురించి అన్నది నిజం. హాని అన్నదానికి మాత్రం రుజువు లేదు. చక్కెర మనిషి కదా, ఆ అభిమానం కొంత పనిచేసిందేమో. మా ఇంట్లో పనిచేయడం లేదా? 1977లో కెనడా ఎలుకల్లో మూత్రాశయ క్యాన్సర్ కనబడగానే అమెరికాలో నిషేధం దాకా వచ్చి, హెచ్చరిక చీటీతో సరిపెట్టారు. అది మగ ఎలుకల శరీర తత్వం వల్ల వచ్చిందనీ, మనుషులకు వర్తించదనీ తేలి 2000లో ఆ చీటీ తీసేశారు.

1993లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఎఫ్.ఏ.ఓ. నిపుణుల సంఘం కిలో బరువుకు రోజుకు 5 మిల్లీగ్రాముల దాకా ఫరవాలేదన్నది. మా తాత బరువు 60 కిలోలు. హెచ్చవేస్తే 300 మిల్లీగ్రాములు, అంటే రెమ్సెన్ బోర్డు చెప్పిన 0.3 గ్రాములే! ఈ లెక్క వినిపిస్తే తాత సంబరపడ్డాడు. నాయన మాత్రం అందరూ బిళ్ళలే వేసుకుంటే మన చెరకు ఎవడు కొంటాడని అడిగాడు.