నవాబు అలీ నవాజ్ జంగు బహద్దరు

ఖమ్మముసీమలో వైరా, పాలేరు జలాశయముల క్రింద పంట పండించుకొను మనవారిలో, అవి యెవరి యాధ్వర్యమున నేర్పడెనో యెరిగినవారరుదు. ఇది చింతింపదగినది.

మీర్ అహమదాలీ యను నీ మహనీయుడు 1877లో హైదరాబాదున జన్మించి, సర్కారు విద్యార్థివేతనమున ఇంగ్లండునందలి కూపర్సుహిల్ కళాశాలలో చదివి, నైజాము మరామతుశాఖలో ప్రధాన ఇంజనీరు పదవి నధిష్ఠించెను.

కట్టకు పూర్వము జరుగు పని లోకమునకు గానరాదు. వానల లెక్కలు, నేల మట్టములు, ముంపుభూముల పట్టీలు, వ్యయపు అంచనాలు ఒకదానితో నొకటి సరిపడినగాని రాయి కదల్పరాదు. ఒక్కటి తప్పెనా, ఊళ్లు మునుగును, లేదా చెరువెండును. మన వాస్తుగ్రంథములు స్థపతి ప్రక్కన సూత్రగ్రాహిని నిలుపుట యిందులకే. మంజీరపై నిజాంసాగరము 1923లో మొదలై 1931లో ముగిసెను.

1938లో నేర్పడిన జాతీయ ప్రణాళికా సంఘమున నీటిపారుదల ఉపసంఘమున కధ్యక్షుడై, 1949 డిసెంబరు 6న దివంగతుడయ్యెను. ఆయన జన్మదినమగు జులై 11ను తెలంగాణమున ఇంజనీర్ల దినముగా జరుపుచున్నారు.