టెంకాయ చిప్ప పట్టిన ఆంధ్ర వాల్మీకి



జీర్ణోద్ధరణ, పునఃప్రతిష్ఠ జరుగుతున్న ఈ శుభవేళ మీరు తప్పక స్మరించదగిన మహనీయులు వావిలికొలను సుబ్బారావు గారు. కడప మండలంలోని జమ్మలమడుగులో 1863లో జన్మించి, యౌవనమంతా రెవిన్యూ శాఖ కొలువులో గడిపారు. 1904లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులైనారు. వాల్మీకి రామాయణాన్ని మూలానుసారంగా తెలుగు పద్యాలలో రచించి, ఒంటిమిట్ట కోదండరామునికి అంకితమిచ్చి, ఆంధ్ర వాల్మీకిగా విఖ్యాతులయ్యారు. పండితునికి ఇంతకు మించిన గౌరవమేమున్నది?

అయినా ఆయన మనస్సు అక్కడ నిలువలేదు. కృతిభర్త కొలువైన కోవెల జీర్ణావస్థలో ఉండగా కావ్యకీర్తితో తృప్తిపడడం ఆయనకు సాధ్యం కాలేదు. ఒక టెంకాయ చిప్ప చేతబట్టి, ఆలయోద్ధరణకై ఊరూరా యాచించారు. కళాశాలలో శిష్యుల నమస్కారాలందుకొన్న పెద్దమనిషి పరుల వాకిట నిలిచి చిప్ప చాచడం ఎంతటి అహంకారత్యాగమో ఊహించండి. ఈ ఆలయం కోసం చందా పుస్తకంతో గడప గడపా ఎక్కిన మీలో కొందరికి ఆ కష్టం తెలియనిది కాదు! చిప్పలో పడిన కానీలు, రూపాయలు అన్నీ రామునివే. ఆ ధనంతోనే ఒంటిమిట్ట ఆలయం మళ్ళీ కళకళలాడింది. ఆ చిప్ప మీద ఏకంగా ఒక శతకమే చెప్పారు. బిరుదులపై లేని మమకారం దానిపై ఉండేది కాబోలు.

వాసుదాసనామంతో ప్రసిద్ధులై, తన రామాయణానికి మందరమనే వ్యాఖ్యానాన్ని సంతరించారు. తెనాలి సమీపాన అంగలకుదురులో ఆశ్రమం నెలకొల్పారు. 1936లో మద్రాసులో పరమపదించారు.